ఏ నూనె అని కాదు, ఎంత అని అడగండి: కొవ్వులపై అపోహలు – వాస్తవాలు

రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చినవాళ్లు కూర్చోకముందే అడుగుతారు: "మేడమ్, ఏ నూనె వాడమంటారు?" డైటీషియన్‌గా నాకు ముందు కావాల్సింది వేరే లెక్క. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అయిపోతున్నాయి?

అపోహ: గానుగ నూనె అయితే ఎంత వాడినా ఏమీ కాదు

గానుగలో ఆడించినదైనా, రిఫైన్డ్ అయినా గ్రాముకు 9 కేలరీలే. రెండూ వేరుశనగ నూనెలే అయితే వాటిలోని కొవ్వుల రకాలు కూడా ఇంచుమించు అవే. గానుగ నూనెలో వాసన, రుచి, విటమిన్ ఇ లాంటివి ఎక్కువగా మిగులుతాయి. అది మంచిదే, కానీ కొలత మారదు.

నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు అనుకుందాం. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల నమూనా ఆహారానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. అదే ఇంటికి మూడున్నర లీటర్లు చాలు. వేసవిలో ఆవకాయకని విడిగా తెచ్చే నూనె, బయట తినే మిర్చి బజ్జీ ఈ లెక్కలోకి రానే రాలేదు!

అపోహ: ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఉంటే గుండెకు మంచిది

కొలెస్ట్రాల్ ఉండేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలో. మొక్కల నూనె వేటిలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు కాబట్టి అదేమీ గొప్ప కాదు. పామాయిల్‌లోనూ ఉండదు, కానీ అందులో సగం దాకా సంతృప్త కొవ్వే (ప్యాకెట్ మీద "శాచురేటెడ్ ఫ్యాట్" అని ఉంటుంది). కొబ్బరి నూనెలో అయితే 90 శాతం దాకా. చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, పెంచేది ముఖ్యంగా ఈ సంతృప్త కొవ్వే. ప్యాకెట్ వెనక్కి తిప్పి ఆ అంకె చూడండి.

అపోహ: నెయ్యి విషం. లేదా, నెయ్యి అమృతం

ఒకే ఇంట్లో రెండూ వింటుంటాను. నెయ్యిలో సంతృప్త కొవ్వు 60 శాతానికి పైనే. రిపోర్టు బాగున్నవాళ్లు ముద్దపప్పులో ఒక టీస్పూన్ వేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. "నెయ్యి కొలెస్ట్రాల్‌ను కరిగిస్తుందట" అని వీడియో చూసి కాఫీలో కూడా కలుపుకుంటుంటే మాత్రం ఆపమంటాను. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు, స్టెంట్ పడినవాళ్లు ఆ ఒక్క స్పూన్ సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడాలి.

అపోహ: నూనె పూర్తిగా మానేస్తే ట్రైగ్లిజరైడ్స్ దిగిపోతాయి

ట్రైగ్లిజరైడ్స్ అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు. నన్ను బాగా విసిగించేది ఈ అపోహే. నూనె మానేశాక కంచంలోకి ఏం వచ్చింది? పొద్దున నూనె లేదు కదా అని ఆరు ఇడ్లీలు, మధ్యాహ్నం మారు అన్నం, సాయంత్రం టీతో "డైజెస్టివ్" బిస్కెట్లు. ఒంటికి అవసరమైనదానికి మించి పిండిపదార్థాలు, చక్కెర తింటే కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్స్‌గా మారుస్తుంది. మద్యం తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నూనె మానేసి ఆకలికి అన్నం పెంచితే అంకె ఎలా దిగుతుంది?

పైగా విటమిన్ ఎ, డి, ఇ, కె ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాలి. తోటకూర వేపుడులో ఒక స్పూన్ నూనె దండగ కాదు. కొన్ని కొవ్వులను శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. గుప్పెడు పల్లీలు, అన్నంలోకి అవిసె గింజల పొడి, చేపలు తినేవాళ్లకు వారానికి రెండుసార్లు కవళ్లో కానాగంతలో చాలు. చేపల్ని డీప్ ఫ్రై చేయకుండా పులుసు పెట్టుకోండి.

అపోహ: డాల్డా మానేశాం కాబట్టి ట్రాన్స్ ఫ్యాట్ బాధ లేదు

ట్రాన్స్ ఫ్యాట్ అంటే ముఖ్యంగా నూనెను గట్టిపరిచి వనస్పతిగా మార్చేటప్పుడు ఏర్పడే, గుండెకు చేటు చేసే కొవ్వు. 2022 నుంచి నూనెలు, డాల్డా లాంటి వనస్పతుల్లో ఇది 2 శాతం దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. అలాగని మూకుడులో మళ్లీ మళ్లీ కాగిన నూనె మంచిదైపోదు, అందులో వేరే హానికర పదార్థాలు కూడా తయారవుతాయి. అరిసెలు వండగా మిగిలిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లోనే కూరల్లో వాడేయండి, పూరీలకు మళ్లీ కాచొద్దు. నల్లబడినా, నురగ వస్తున్నా పారేయండి. సింకులో మాత్రం పోయకండి, పైపులు పట్టేస్తాయి.