రాపర్ ఎదిగాడని ఎలా తెలుస్తుంది? జే-జీ ఆల్బమ్‌లపై అపోహలు - వాస్తవాలు

అమెరికన్ రాపర్ జే-జీ తొలి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’ 1996లో వచ్చింది. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. ‘4:44’ ఆల్బమ్ వచ్చేసరికి 47. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, కుర్రాడు పెద్దమనిషయ్యాడని తేల్చేస్తుంటారు. పాటలు రాసేవాళ్ల చెవికి మాత్రం కథ అంత సులువుగా వినబడదు.

అపోహ: బూతులు తగ్గితే పరిణతి వచ్చినట్టే.

‘4:44’లో బూతులకు కొదవేమీ లేదు. అందులోని ‘ద స్టోరీ ఆఫ్ ఓ.జే.’ పాట హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) మొత్తం నల్లజాతివాళ్లను కించపరిచే ఒకే మాట చుట్టూ తిరుగుతుంది. డబ్బున్నా లేకున్నా, ఒంటి ఛాయ ఏదైనా లోకం పిలిచే పిలుపు మారదని చెప్పడానికే ఆ మాట అన్నిసార్లు వస్తుంది. దాని కింద వినిపించే శాంపిల్ (పాత పాట నుంచి తీసుకున్న ముక్క) గాయని నీనా సిమోన్ ‘ఫోర్ విమెన్’. అది కూడా నలుగురు ఆడవాళ్ల ఒంటి రంగుల పాటే. బూతు ఉందా లేదా అని లెక్కపెట్టకుండా, దానితో ఏం పని చేయించుకున్నాడో చూడండి.

అపోహ: వయసు మీదపడి ఫ్లో (బీటు మీద మాటలు పలికే తీరు) నెమ్మదించింది.

1990లో రాపర్ జాజ్-ఓతో కలిసి చేసిన ‘ది ఒరిజినేటర్స్’ వినండి. గుక్క తిప్పుకోనివ్వని వేగం. 1996 నాటికే ఆ వేగాన్ని పక్కన పెట్టేశాడు. పాతికేళ్లకు మీదపడే వయసు ఎవరికుంటుంది?

అసలు కారణం లెక్కలో ఉంది. 90 బీపీఎమ్‌లో, అంటే నిమిషానికి 90 బీట్ల వేగంలో, నాలుగు బీట్ల బార్ 2.67 సెకన్లు, 16 బార్ల వెర్స్ (చరణం) దాదాపు 43 సెకన్లు. బార్‌కి 16 అక్షరాలు కుక్కితే పావు బీటుకి ఒకటి పడుతుంది. ఊపిరికి చోటుండదు, మాటకు విరుపుండదు. పది పన్నెండుకి ఆపితే బార్ చివర కాస్త ఖాళీ మిగులుతుంది. ప్రాస పడ్డ మాట వినేవాడి మనసులో దిగేది ఆ ఖాళీలోనే.

కొత్తగా రాసేవాళ్లు దీన్ని అనుకరించబోయి ఒక తప్పు చేస్తారు. అక్షరాలు తగ్గిస్తారు గానీ ప్రతి వాక్యాన్నీ మొదటి బీటు మీదే ఎత్తుకుంటారు. అప్పుడది వార్తలు చదివినట్టుంటుంది. వాక్యాన్ని బీటు దాటాక ఎత్తుకుని, అవసరమైతే పక్క బార్‌లోకి జారనివ్వాలి. ‘4:44’లో మాట్లాడుతున్నట్టు అనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

అపోహ: పెద్దవాణ్నయ్యానని పాడితే పెద్దవాడైనట్టే.

2006 నాటి ‘కింగ్‌డమ్ కమ్’లో ‘30 సంథింగ్’ అనే పాట ఉంది. ముప్పయ్యే కొత్త ఇరవై అంటాడు. కుర్రాళ్ల కంటే తన బతుకు, తన అభిరుచి మిన్న అన్న గొప్పే తప్ప అందులో ఇంకేం లేదు. 2013లో తన ఆల్బమ్‌లకు తానే ర్యాంకులిచ్చుకుని, దీన్ని అట్టడుగున పెట్టాడు.

అపోహ: ఎదుగుదల ఆల్బమ్‌కో మెట్టు చొప్పున సాగుతుంది.

తొలి ఆల్బమ్‌లో చివరి పాట పేరే ‘రిగ్రెట్స్’, పశ్చాత్తాపాలు. మూడేళ్లు తిరిగాక అదే మనిషి ‘బిగ్ పింపిన్’ చేశాడు. ఆ పాటలో ఆడవాళ్ల గురించి రాసినదాన్ని కాగితం మీద చూస్తే చాలా కటువుగా ఉందని 2010లో ఒక ఇంటర్వ్యూలో తానే ఒప్పుకున్నాడు. కాబట్టి ఆల్బమ్‌లను వరసగా పేర్చి గీత గీయడం కంటే మంచి పద్ధతి ఒకటుంది. ఒకే సంఘటనను రెండుసార్లు చెప్పిన చోట్లు వెతకండి.

జే-జీ చిన్నతనంలో సొంత అన్నను తుపాకీతో కాల్చాడు. 1997లో ‘యూ మస్ట్ లవ్ మీ’లో ఆ ఉదంతం వస్తుంది. మర్నాడు ఆసుపత్రిలో ఉన్న అన్న తనను చూడాలన్నాడని చెబుతాడు. ‘నువ్వు’ అంటే అక్కడ అన్న. తప్పు తనదే అయినా, ఆ వెర్స్ చివరికి చేరేది అన్న ప్రేమ దగ్గరికి. ఇరవై ఏళ్ల తర్వాత ‘4:44’ మొదటి పాట ‘కిల్ జే జీ’లో అదే కాల్పులు ఒక్క వాక్యంలో అయిపోతాయి. ఇక్కడ ‘నువ్వు’ జే-జీయే. సొంత అన్ననే కాల్చినవాణ్ని ఎలా నమ్మడమని తనను తానే నిలదీస్తాడు. ఆసుపత్రి లేదు, ఆదుకునే ప్రేమా లేదు. నా మటుకు ఆల్బమ్‌లో పరిణతికి అన్నిటికంటే గట్టి ఆధారం ఆ సర్వనామం మార్పే. మీరూ ఇలాగే చేయండి: రెండు పాటల సాహిత్యం రాసుకుని ‘నేను’, ‘నువ్వు’ల కింద గీత గీసి, ఒక్కోటి ఎవరిని సూచిస్తోందో పక్కన రాయండి.

అపోహ: సోల్ (అమెరికా నల్లజాతి సంగీత శైలి) శాంపిల్స్ వాడటమే పరిణతి.

2001 ‘బ్లూప్రింట్’ నిండా సోల్ శాంపిల్సే. ‘4:44’కి ప్రధాన ప్రొడ్యూసర్ నో ఐ.డి., అందులో శాంపిల్ కూడా ఒక పాత్ర. టైటిల్ పాటలో జే-జీ భార్యకు క్షమాపణ చెబుతుంటే, నీతో ఉండాల్సినట్టు ఎప్పటికీ ఉండలేనని శాంపిల్‌లోని గాయని హన్నా విలియమ్స్ గొంతు కేకపెడుతుంది. క్షమాపణ చెప్పి తేలిగ్గా బయటపడే దారి లేకుండా చేస్తుంది ఆ గొంతు.

ఇంకో గొంతు గురించీ చెప్పాలి. 2003 ‘ద బ్లాక్ ఆల్బమ్’లో ‘డిసెంబర్ ఫోర్త్’ మొదలయ్యేది వాళ్లమ్మ గ్లోరియా కార్టర్ మాటలతో. కొడుకు పుట్టినప్పుడు 10 పౌండ్ల 8 ఔన్సులున్నాడని, నలుగురు పిల్లల్లో కాన్పప్పుడు తనను నొప్పి పెట్టనివాడు వీడొక్కడేనని చెబుతుంది. ‘4:44’లోని ‘స్మైల్’లో కొడుకు ఆమె కథ చెబుతాడు. తాను స్వలింగ ప్రియురాలినన్న సంగతి దాచుకుని ఆమె నలుగురు పిల్లల్ని పెంచిన కథ. చివర ఆమే వచ్చి తన కవిత చదువుతుంది. ఆ రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి వినండి.