లక్షా ఇరవై వేల నుంచి 68 వేలకు: సాల్ట్ లేక్ స్టేడియం నేపథ్యం

2025 డిసెంబరు 13న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో జనం సీసాలు విసిరారు, కుర్చీలు పీకారు, కంచె దాటి మైదానంలోకి దూకారు. మెస్సీని చూద్దామని వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు కనిపించింది ఆయన చుట్టూ మూగిన నాయకులు, అధికారులు, ఫొటోల కోసం ఎగబడ్డవాళ్ల వీపులు. కాసేపటికే ఆయన వెళ్లిపోయాడు. అదే సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్‌లో కార్యక్రమం సజావుగా జరిగిపోయింది కాబట్టి, తప్పంతా కోల్‌కతా జనం ఆవేశానిదేనని అనుకోవడం తేలిక. కానీ టికెట్ కొన్నవాడికి ఆట కనిపిస్తుందా, వాడు క్షేమంగా ఇంటికి చేరతాడా అన్న గొడవ ఆ ఊళ్లో వందేళ్లకు పైగా నడుస్తోంది.

1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫుట్‌బాల్ టోర్నీ ఫైనల్లో కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ 2-1 తేడాతో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. బూట్లు వేసుకున్న సైనికుల మీద దాదాపు అందరూ వట్టికాళ్లతో ఆడి గెలిచారని మనమూ చదువుకున్నాం. ఆ రోజు ఆట నిజంగా కళ్లారా చూసినవాళ్లు మాత్రం వచ్చినవాళ్లలో కొందరే. చాలామంది చెట్లెక్కారు. వెనక ఉన్న జనానికి స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరేశారు.

ఆ తర్వాత దశాబ్దాల పాటు కోల్‌కతా ఫుట్‌బాల్ అంటే మైదాన్, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద బయలు. పెద్ద క్లబ్బుల గ్రౌండ్లన్నీ అక్కడే. అయితే ఆ నేల సైన్యం అధీనంలోది, పక్కా కట్టడాలకు అనుమతి దొరకదు. అందుకే స్టేడియం అనదగ్గది లేచే వీలే లేకపోయింది. ఉన్నవి గ్యాలరీలు. ఇరవై వేల మంది చేరితే కిక్కిరిసిపోయేవి. లీగ్ జరిగేది వర్షాకాలంలో. బురదలో క్యూలు, వాటిని అదుపు చేయడానికి గుర్రాల మీద పోలీసులు. టికెట్ దొరకనివాళ్లు ఫోర్ట్ విలియం వైపు ఎత్తైన గట్టు మీద నిలబడేవాళ్లు. అట్టముక్కలకు అద్దాలు బిగించి చేసిన పెరిస్కోపులు కూడా అక్కడ అమ్మేవాళ్లు, ముందువాడి తల మీదుగా చూడటానికి. లోపల చోటు దొరికినవాడికి మాత్రం ఆటగాళ్లు అరుచుకునే మాటలు కూడా వినబడేంత దగ్గర.

మన హైదరాబాదీలు ఆ ఊరికి దేవుళ్లయింది ఆ గ్యాలరీల ముందే. నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్. హబీబ్ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు, ఏ జెర్సీ వేసుకున్నా జనం నెత్తిన పెట్టుకున్నారు. 1977 సెప్టెంబరులో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. అందులో ఒక గోల్ హబీబ్‌దే. ఆ మ్యాచ్ మైదాన్ గ్యాలరీలకు సరిపోదు కాబట్టి ఈడెన్ గార్డెన్స్‌లో పెట్టారు. క్రికెట్ స్టేడియాన్ని ఇలా అరువు తెచ్చుకునే అలవాటే మూడేళ్లకు ఘోరానికి దారి తీసింది.

1980 ఆగస్టు 16. ఈడెన్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లీగ్ మ్యాచ్. రెండు జట్ల అభిమానులూ ఒకే స్టాండ్‌లో కలగలిసి కూర్చున్నారు. మైదానంలో ఇద్దరు ఆటగాళ్లు గొడవపడ్డారు, ఇద్దరినీ రిఫరీ బయటికి పంపాడు. ఆ గొడవ స్టాండ్‌లోకి ఎక్కింది. కొట్లాట, తొక్కిసలాట. 16 మంది చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ రోజున వాళ్లను తలచుకుని రక్తదానం చేస్తారు. ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట గురించి మనకు తెలిసినంతగా ఈడెన్ గురించి తెలియకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

1984 జనవరిలో సాల్ట్ లేక్‌లో కొత్త స్టేడియం తెరుచుకుంది. అసలు పేరు వివేకానంద యువభారతి క్రీడాంగణ్. మూడంతస్తులు, లక్షా ఇరవై వేల మందికి చోటు. ఫుట్‌బాల్‌కు సొంత ఇల్లు దొరికిందన్నమాటే గానీ చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ వేశారు. గ్యాలరీలో చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉన్న ఆట ట్రాక్ అవతలికి జరిగిపోయింది. పై అంతస్తు నుంచి జెర్సీ రంగును బట్టి జట్టును పోల్చుకోవాలి, మొహాలు తెలియవు.

అయినా జనం వచ్చారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఆటగాళ్లను వజ్రాకారంలో నిలిపే తన 'డైమండ్' వ్యూహంతో ఊరించాడు, ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే బెనర్జీ ఊరుకోలేదు, ఊరంతా టెన్షన్. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆ రోజు హాజరు 1,31,781. దేశంలో ఎక్కడ ఫుట్‌బాల్ మాట వచ్చినా ఈ అంకెను గర్వంగా చెప్తారు. నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే. లక్షా ఇరవై వేల చోటులో మిగతా పదకొండు వేల పైచిలుకు ఎక్కడ కూర్చున్నట్టు? మెట్ల మీదా, దారుల్లోనా? ఆ రోజు ఏ గొడవా రేగి జనం ఒక్కసారిగా కదలకపోవడం అదృష్టం. ఆ అదృష్టం ప్రతిసారీ కలిసిరాలేదు. 2012 డిసెంబరులో ఈ రెండు జట్ల డెర్బీలో, అంటే ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్‌లో, స్టాండ్స్ నుంచి వచ్చిన రాయి మోహన్ బగాన్ ఆటగాడు రహీమ్ నబీకి తగిలింది, ఆ జట్టు రెండో సగం ఆడనే లేదు.

2017 అండర్-17 ప్రపంచకప్ కోసం ఫిఫా నిబంధనల ప్రకారం స్టేడియాన్ని బాగు చేశారు. మనిషికో కుర్చీ. ఆ దెబ్బకు సామర్థ్యం 68 వేలకు పడిపోయింది. 'సగం స్టేడియం పోయింది' అని వాపోయినవాళ్లు చాలామంది. కానీ ఆ అక్టోబరు 28న ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించిన ఫైనల్‌కు 66,684 మంది వచ్చారు. పాత స్టేడియంలో అయితే ఇంతమంది వచ్చినా సగం దాకా బోసిగా కనిపించేది. కుర్చీ ఉంటే లెక్క ఉంటుంది, లెక్క ఉంటే తొక్కిసలాట ప్రమాదం తగ్గుతుంది. పాత అంకె మీద బెంగ నాకు లేదు. ట్రాక్‌ను తీసేయకపోవడమే నిరాశ.

బయట పరిస్థితి కొంత మెరుగైంది. 2020 ఫిబ్రవరిలో స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్ తెరిచారు. 2025 ఆగస్టులో లైను పూర్తయ్యాక హౌరా నుంచి, సియాల్దా నుంచి నేరుగా రావచ్చు. జిల్లాల నుంచి లోకల్ రైళ్లలో దిగే అభిమానికి ఇది చిన్న విషయం కాదు. ఇక అభిమానులంటే కొట్టుకునేవాళ్లే అనుకునేవాళ్లు 2024 ఆగస్టు 18ని కూడా చూడాలి. ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం మీద నిరసనలు రేగుతున్న వేళ భద్రత కారణంతో డ్యూరండ్ కప్ డెర్బీని రద్దు చేశారు. ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు, మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్ జెర్సీలవాళ్లు ఆ సాయంత్రం స్టేడియం బయట ఒకే గుంపుగా నిలబడి న్యాయం కావాలని నినదించారు, కలిసి లాఠీ దెబ్బలు తిన్నారు. రెండు జట్ల అభిమానులను విడదీయాలని ఈడెన్ తర్వాత నేర్చుకున్న పోలీసులకు, కలిసి వచ్చినవాళ్లను ఏం చేయాలో మాత్రం తోచలేదు.