ఏంజెల్ ఓక్ పక్కన అడవిని ఎందుకు కొనాల్సి వచ్చింది?

అమెరికాలోని సౌత్ కెరొలైనాలో, చార్లెస్టన్ నగరం పక్కనే జాన్స్ ఐలాండ్ ఉంది. అక్కడ కొత్త కాలనీలు, రోడ్ల వెడల్పు మీద గొడవ కొన్నాళ్లు సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ రాజుకుంటూ ఉంటుంది. రాజుకున్న ప్రతిసారీ ఏంజెల్ ఓక్ పేరు పైకి వస్తుంది. ఏడాదంతా పచ్చగా ఉండే లైవ్ ఓక్ జాతికి చెందిన ఈ చెట్టు వయసు మూడు వందల ఏళ్లా, ఐదు వందల ఏళ్లా అన్న చర్చ పాతదే, దాన్ని పక్కన పెడదాం. ఆ భూమిని ఏలిన వెయిట్, ఏంజెల్ కుటుంబాల చరిత్ర కూడా పార్కుకు వెళ్లినవాళ్లందరూ వినేదే. 1991లో చార్లెస్టన్ నగరం ఆ చెట్టును తన చేతికి తీసుకుని పార్కుగా నడపడం మొదలుపెట్టింది. ఇక దానికి ఢోకా లేదనుకున్నారు. ఆ ధీమా 2008లో పోయింది. ఇప్పటి గొడవలకు మూలం అక్కడే ఉంది.

పార్కును ఆనుకుని ఉన్న అడవిలో 600కు పైగా అపార్ట్‌మెంట్లు కడతామని ఒక ప్రణాళిక వచ్చింది. భూమి ప్రైవేటుది, చెట్టు జోలికి మేం రావడం లేదు, మధ్యలో ఖాళీ స్థలం వదులుతాం అన్నది బిల్డర్ల మాట. కాగితం మీద అది తప్పు కాదు.

కానీ లైవ్ ఓక్ ఎలా బతుకుతుందో తెలిసినవాళ్లు ఆ మాటతో సమాధానపడలేదు. ఏంజెల్ ఓక్ ఎత్తు సుమారు 65 అడుగులే. దాని పొడవైన కొమ్మ మాత్రం 187 అడుగులు. నీడ 17,200 చదరపు అడుగుల మేర పరుచుకుంటుంది. మర్రికి ఉన్నట్టు దీనికి ఊడల ఊతం లేదు. బరువెక్కిన కొమ్మలు నేల మీదికి వాలి, కొన్నిచోట్ల మట్టిలోకి దిగి మళ్లీ పైకి లేస్తాయి. వేళ్లు ఎక్కువగా పైపొరల్లోనే, కొమ్మల చివర్లు దాటి చాలా దూరం పాకుతాయి. అంటే చెట్టుకు కావలసిన నీరు కంచె లోపలి నేల నుంచే రావాలని లేదు. చుట్టూ ఉన్న తడి నేలలు వాన నీటిని పట్టి ఉంచుతాయి, చుట్టూ ఉన్న చెట్లు గాలి ఉధృతిని తగ్గిస్తాయి. 1989లో హ్యూగో తుపాను ఏంజెల్ ఓక్‌ను బాగా దెబ్బతీసింది. అది కోలుకుంది. పక్కనున్న అడవి కాంక్రీటుగా మారితే మళ్లీ అలా కోలుకోగలదా అన్నదే స్థానికులు అడిగిన ప్రశ్న. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. బిల్డర్లు చెప్పిన ఖాళీ స్థలం దానికి జవాబు కాదు.

స్థానికులు ఒక బృందంగా ఏర్పడ్డారు. కోస్టల్ కన్జర్వేషన్ లీగ్ అనే పర్యావరణ సంస్థ తోడైంది. తడి నేలల అనుమతుల మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాటం సాగింది. చివరికి 2013లో ఆ అడవిలో దాదాపు 17 ఎకరాలను లోకంట్రీ ఓపెన్ ల్యాండ్ ట్రస్ట్ అనే భూ సంరక్షణ సంస్థ 36 లక్షల డాలర్లకు కొనేసింది. పచ్చని నేలలను కాపాడేందుకు కౌంటీ (మన జిల్లా లాంటిది) నడిపే గ్రీన్‌బెల్ట్ నిధి, నగరపాలక సంస్థ, వేలమంది దాతలు కలిసి ఆ డబ్బు సమకూర్చారు. తర్వాతి కొనుగోళ్లతో చుట్టూ రక్షణలో ఉన్న అడవి 40 ఎకరాలు దాటింది.

అమెరికా ప్రభుత్వం లైవ్ ఓక్‌ను కాపాడటం అంతకుముందూ ఉంది, కానీ ఆ ఉద్దేశం వేరు. ఈ కలప మహా బరువు, గట్టిది. సహజంగా వంపు తిరిగిన కొమ్మలు ఓడ అస్థిపంజరానికి చక్కగా సరిపోతాయి. 1794లో ఆరు యుద్ధనౌకలు కట్టాలని నిర్ణయించినప్పుడు జార్జియాలోని సెయింట్ సైమన్స్ దీవి నుంచి ఈ కలప తెచ్చారు. నరికిన చేతుల్లో బానిసల చేతులూ ఉన్నాయి. ఆ ఆరింటిలో ఒకటైన యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ 1812లో బ్రిటిష్ నౌక గెరియర్‌ను ఓడించి ‘ఓల్డ్ ఐరన్‌సైడ్స్’ అని పేరు తెచ్చుకుంది. 1828లో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ప్రభుత్వం ఫ్లోరిడాలో నౌకాదళం కోసం ఏకంగా ఓక్ తోటనే కేటాయించింది. అదంతా నరకడానికి దాచుకోవడమే. ఇనుప ఓడలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. జాన్స్ ఐలాండ్‌లో 2013లో కొన్నది చెట్టు నిలబడటం కోసం, అది కూడా చెట్టును కాదు, దాని పక్క నేలను.

ఇప్పటి గొడవకు ముడి ఇక్కడే పడింది. గ్రీన్‌బెల్ట్ నిధికి డబ్బు వచ్చేది 2004లో ఓటర్లు ఆమోదించిన, డాలరుకు అర సెంటు చొప్పున వేసే అమ్మకపు పన్ను నుంచి. రోడ్లకు డబ్బిచ్చేదీ అదే పన్ను. 2024 నవంబరులో ఇలాంటి కొత్త పన్నును ప్రజల ముందు పెట్టి, అందులో పెద్ద వాటాను జాన్స్ ఐలాండ్ మీదుగా వెళ్లే ఇంటర్‌స్టేట్ 526 అనే హైవే పొడిగింపుకు చూపించారు. ఓటర్లు తిప్పికొట్టారు. ఆ రోడ్డు ఏంజెల్ ఓక్‌ను తాకదు. కానీ రోడ్డు వచ్చాక దాని వెంట కాలనీలు వస్తాయన్నది వ్యతిరేకుల భయం. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులైన గల్లా ప్రజలకు ఆ భయం ఇంకా ఎక్కువ. వీలునామాలు లేకుండా తరతరాలుగా ఉమ్మడిగా వస్తున్న వాళ్ల భూములు, ధర పెరిగితే కోర్టు వేలంలో పోయే ప్రమాదం ఉంది.

రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్ల బాధా నిజమే. జాన్స్ ఐలాండ్‌లోని బొహికెట్ రోడ్డు పొడవునా ఓక్‌లు అంచుకు ఆనుకుని ఉన్నాయి, వాహనాలు వాటిని ఢీకొని ప్రాణాలు పోయాయి. అయితే ఆ రోడ్డును ఏ వైపు, ఎంత జరపాలో తేల్చేటప్పుడు కాండం నుంచి కొలిస్తే చాలదు, వేళ్లు ఎంత దూరం పాకాయో చూసి కొలవాలి. 2008లో బిల్డర్లు కొలిచింది కాండం నుంచే.