చిన్న ప్రవక్తల తీర్పు, విశ్వాసం: అపోహలు - వాస్తవాలు

బైబిల్ కళాశాలలో పాత నిబంధన బోధిస్తాను. చిన్న ప్రవక్తలని పిలిచే, హోషేయ నుంచి మలాకీ వరకు ఉన్న పన్నెండు పుస్తకాలు మొదలుపెట్టగానే విద్యార్థులూ సంఘ పెద్దలూ ఈ మాటలే అంటుంటారు.

అపోహ: తీర్పంతా ఇశ్రాయేలు శత్రువుల మీదే.

వాస్తవం: ఆమోసు పుస్తకం మొదటి రెండు అధ్యాయాలు చదవండి. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు వరుసగా బోనెక్కుతాయి. వింటున్నవారు ఇంతవరకు తల ఊపే ఉంటారు. ఏడోది దక్షిణ రాజ్యమైన యూదా. ఎనిమిదోది ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలు, అందరికంటే పొడుగైన ఆరోపణల చిట్టా దానిదే. పాదరక్షల కోసం బీదవారిని అమ్మేశారన్నది అందులో ఒకటి. మోయాబు చేసిన నేరం చూడండి: ఎదోము రాజు ఎముకలను కాల్చి సున్నం చేసింది. అందులో ఇశ్రాయేలుకు జరిగిన నష్టమేమీ లేదు, అయినా దేవుడు లెక్క అడిగాడు.

ఇది క్రీ.పూ. 8వ శతాబ్దం, ఇశ్రాయేలులో రెండో యరొబాము ఏలుబడి. దేశం కలిగి ఉంది, బేతేలు గుడి కళకళలాడుతోంది. అక్కడి వ్యాపారులు విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, చిన్న కొలతతో ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని చూస్తున్నారు. యెహోవా దినం, అంటే దేవుడు తీర్పు తీర్చే రోజు, వస్తే తమకు వెలుగేనన్న ధీమా వారిది. అది చీకటి అన్నాడు తెకోవ ఊరి పశుల కాపరి ఆమోసు. యాజకుడు అమజ్యా అతన్ని యూదాకు పోయి బతకమన్నాడు.

అపోహ: చెప్పిన తీర్పు జరగకపోతే ప్రవక్త అబద్ధికుడు.

వాస్తవం: ద్వితీయోపదేశకాండం 18లో ఆ కొలమానం ఉన్న మాట నిజమే. అయితే యెరూషలేము రాళ్లకుప్ప అవుతుందని మీకా చెప్పిన సుమారు వందేళ్లకు, యిర్మీయా ప్రవక్తను చంపాలన్నప్పుడు పెద్దలు ఆ మాటే గుర్తుచేశారు. మీకా కాలపు యూదా రాజు హిజ్కియా భయపడ్డాడు, కీడు ఆగింది, మీకాను ఎవరూ అబద్ధికుడు అనలేదు. నలభై రోజుల్లో నాశనమని యోనా చెప్పిన అష్షూరు పట్టణం నీనెవె కూడా మారి బతికింది. యోనాకు కోపమొచ్చింది అందుకే. (మన ప్రసంగాలు యోనాను మింగిన చేప దగ్గరే ఆగిపోతాయి, ఆ కోపమున్న నాలుగో అధ్యాయం దాకా రావు.) అదే నీనెవె క్రీ.పూ. 612లో కూలింది. పుస్తకాల వరుసలో ఆ పతనాన్ని పాడిన నహూముకూ యోనాకూ మధ్య ఉన్నది మీకా ఒక్కడే.

అపోహ: విశ్వాసి దేవుణ్ణి ప్రశ్నించకూడదు.

వాస్తవం: హబక్కూకు పుస్తకం ఫిర్యాదుతోనే మొదలవుతుంది. దానికి జవాబుగా కల్దీయులు, అంటే బబులోనువారు, వస్తున్నారని తెలిసి, ఇది మరీ అన్యాయమని మళ్లీ వాదించి, జవాబు కోసం కావలి గోపురం ఎక్కి నిలబడ్డాడు. నీతిమంతుడు విశ్వాసమూలంగా బ్రదుకుతాడన్న మాట ఆ రెండో వాదనకు వచ్చిన జవాబులోనిది. చివరికి పరిస్థితి మారిందా అంటే, లేదు. అంజూరం పూయకపోయినా, సాలలో పశువులు లేకపోయినా ఆనందిస్తానంటాడు, అంతే.

అపోహ: మలాకీ అంటే దశమభాగం.

వాస్తవం: కానుకల వేళ మన తెలుగు సంఘాల్లో వినిపించే వచనం 3:10, పదో వంతు మందిరానికి తెమ్మనేది. మొదటి అధ్యాయంలో మందలింపు పడింది గుడ్డి, కుంటి పశువులను అర్పించిన యాజకులకు. ఇక 3:5లో కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవారిమీద, విధవరాలినీ తండ్రిలేనివారినీ బాధపెట్టేవారిమీద దేవుడే సాక్షిగా వస్తానంటాడు. పదో వచనం చదివే రోజున ఐదో వచనం కూడా చదవమనీ, చర్చి కాపలాదారుకూ ఊడ్చే ఆమెకూ ఆ నెల జీతం అందిందో లేదో ముందు కనుక్కోమనీ మా విద్యార్థులకు చెబుతుంటాను.