పిల్లల చరిత్ర పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

నేను కథలు రాసే మనిషిని. డిటెక్టివ్ కథలు, కుటుంబ కథలు, నవలలు రాశాను. వాటితో పాటు పిల్లల కోసం చరిత్ర పుస్తకాలు రాస్తుంటాను. వాటిలో కాకతీయుల కాలం మీదివే ఎక్కువ. బడుల్లో, పుస్తక ప్రదర్శనల్లో తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా రాయాలనుకునేవాళ్లు నాతో కొన్ని మాటలు అంటుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ నమ్మకాల వల్లే మన పిల్లలకు పస లేని పుస్తకాలు అందుతున్నాయని నా బాధ. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

అపోహ: పిల్లల పుస్తకమే కదా, ఈజీగా అయిపోతుంది.

పెద్దల నవలలో ఏదైనా వివరం తెలియకపోతే దాన్ని పక్కన పెట్టి ముందుకు పోవచ్చు. పిల్లల పుస్తకంలో అలా కుదరదు, ఎందుకంటే అందులో బొమ్మలుంటాయి. "ఓరుగల్లు కోటలో భోజనాల వేళ అయింది" అని నేను ఒక్క వాక్యం రాసి ఊరుకుంటాను. బొమ్మ వేసేవాళ్లు వెంటనే అడుగుతారు: విస్తట్లో ఏముండాలి? వంటింటి ముందు ఏం ఎండబెట్టారు? గుమ్మానికి ఏం కట్టారు?

13వ శతాబ్దపు ఓరుగల్లులో మిరపకాయలు లేవు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న కూడా లేవు. ఇవన్నీ అమెరికా ఖండాల్లో పుట్టిన పంటలు. 1498లో వాస్కోడగామా కేరళ తీరానికి చేరాక, యూరప్ ఓడల రాకపోకలు పెరిగాకే మన నేలకు వచ్చాయి. రుద్రమదేవి కాలంలో కారం కావాలంటే మిరియాలే దిక్కు. కాబట్టి వంటింటి ముందు ఎర్రగా మిరపకాయలు ఆరబోసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా తీసెయ్యాల్సిందే. ఈ సంగతుల్లో జనం ఎక్కువగా ఆశ్చర్యపోయేది బంతిపువ్వు గురించి విన్నప్పుడు. మన బతుకమ్మలో, మన గుమ్మాలకు ఇంతగా కలిసిపోయిన బంతి మెక్సికో వైపు మొక్క. కాకతీయుల కోటకు బంతిపూల తోరణం కట్టకూడదు, మామిడాకులు కట్టొచ్చు. రాయసం రాసేవాడి చేతిలో కాగితం వద్దు, తాటాకు, గంటం పెట్టాలి. కోట బురుజు మీద ఫిరంగి అసలే వద్దు.

ఇవన్నీ చిల్లర విషయాలని కొందరు ప్రచురణకర్తలు అంటారు. నేను ఒప్పుకోను. పిల్లలు వాక్యం మరిచిపోతారు గానీ, బొమ్మ ఏళ్ల తరబడి గుర్తుంటుంది. అందుకే రాతప్రతి మీద ఎంతసేపు కూర్చుంటానో బొమ్మల చిత్తుల మీద అంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటాను.

అపోహ: నవలలు రాసేవాళ్లు చరిత్ర రాస్తే కల్పన కలిసిపోతుంది.

కల్పించడం వృత్తిగా ఉన్నవాళ్లకు తాము ఎక్కడ కల్పిస్తున్నారో బాగా తెలుస్తుంది. నవలలో రుద్రమదేవి రాత్రంతా నిద్రపట్టక ఏమనుకుందో నేను రాయొచ్చు. పిల్లల చరిత్ర పుస్తకంలో రాయను. కథ కావాలనిపిస్తే ఒక కల్పిత పాత్రను తెచ్చి, ఆ పిల్లో పిల్లవాడో కల్పితమని అదే పేజీలో చెప్పేస్తాను. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో దాచను.

అయినా మన దగ్గర ఈ రెండు పనులూ మొదటి నుంచీ పక్కపక్కనే నడిచాయి. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు 1906లో హైదరాబాదులో మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథాలు అచ్చువేసింది, నవలల పోటీలూ నిర్వహించింది. చరిత్ర మీద ఆసక్తి పుట్టాలంటే కథ కావాలని, కథకు బలం రావాలంటే చరిత్ర కావాలని వాళ్లకు తెలుసు.

అపోహ: రకరకాలుగా రాస్తే దేనిలోనూ పట్టు రాదు.

నాకు చరిత్ర రాయడం నేర్పింది డిటెక్టివ్ కథలే. ఆధారం ఏం చెప్తోంది, ఏం చెప్పడం లేదు అని వేరు చేసి చూసే అలవాటు అక్కడే వచ్చింది.

రుద్రమదేవి మరణం సంగతే తీసుకోండి. ఆమె 1295 దాకా పాలించిందని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. తరవాత నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. దాని తేదీ 1289 నవంబరుకు సరిపోతుంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథ దేవుడికి భూమి దానం చేశాడని అందులో ఉంది. అంటే 1289 నాటికే ఆమె లేదు. ఆమె సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలోనే ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహిస్తారు. ఆమెతో పాటు మల్లికార్జున నాయకుడి పేరు కూడా ఉండటం, అంబదేవుడు అప్పటికే తిరగబడి ఉండటం ఆ ఊహకు బలం. అయితే ఎవరి చేతిలో, ఎక్కడ అన్నది ఆ రాయి మీద లేదు.

దీన్ని పిల్లలకు రెండు రకాలుగా చెప్పొచ్చు. గుర్రం మీద కత్తి ఝళిపిస్తూ వీరమరణం పొందిన బొమ్మ వేసి ఒక పేజీలో ముగించొచ్చు. లేదా రాయి మీద ఏముందో చెప్పి, "దీన్నిబట్టి నువ్వేం అనుకుంటున్నావు?" అని అడగొచ్చు. నేను రెండో దారి పట్టుకున్నాను. బడుల్లో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు కొట్లాడుకున్నంత పని చేస్తారు. "ఇద్దరూ ఒకేసారి ఎలా చనిపోయారు మేడమ్? యుద్ధమే అయ్యుంటుంది" అని ఒకరంటే, "జబ్బు చేసి ఉండకూడదా?" అని ఇంకొకరు. తెలియని సంగతిని తెలియదని చెప్తే పిల్లలు నిరుత్సాహపడతారనే భయం పెద్దవాళ్లదే. పిల్లల్లో నేనెప్పుడూ అది చూడలేదు.

అపోహ: ఆ కాలంలో కళ్లారా చూసినవాళ్లు రాసిందంటే తిరుగులేదు.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో 1290ల ప్రాంతంలో మన తీరానికి వచ్చాడు. కాకతీయుల ఓడరేవు మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి గొప్పగా పాలించిందని, ఆమె చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. మన శాసనాల ప్రకారం రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు, ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. మార్కో పోలో విన్నది పొరపాటు. అదే చోట సాలెపురుగు గూడంత సన్నటి బట్టల గురించి రాశాడు, లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయని కూడా రాశాడు. ఒకే మనిషి, ఒకే అధ్యాయం. బట్టల మాట నమ్మొచ్చు, గద్దల మాట నమ్మలేం. ఎందుకు నమ్మొచ్చు, ఎందుకు నమ్మలేం అన్నది పదేళ్ల పిల్లలు చక్కగా చర్చించగలరు. కాబట్టి ఆ గద్దల కథను తీసెయ్యకండి, ఉంచి ప్రశ్న అడగండి.

అపోహ: పిల్లలకు యుద్ధాలే కావాలి. పన్నులు, వ్యాపారం అంటే బోర్.

మోటుపల్లి వీరభద్రాలయం దగ్గర గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244-45 నాటిది. ఇప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలో ఉంది. తుఫానుకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు దాన్నంతా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువని సముద్రం మీదికి వెళ్లినవాళ్ల సొమ్ము అది, న్యాయమైన సుంకం తప్ప మేం ఏమీ తీసుకోం అని ఆ శాసనంలో రాజు మాట ఇచ్చాడు. సుంకం సరుకు విలువలో 30వ వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతాలు, పట్టు, పగడాలు, మిరియాలు ఇలా జాబితా ఉంది.

నా పుస్తకంలో పిల్లలు ఎక్కువగా ప్రశ్నలు అడిగేది ఈ పేజీ మీదే. ఓడ మునిగితే సరుకు ఎవరిది? దొరికినవాళ్లదా, పోగొట్టుకున్నవాళ్లదా, రాజుదా? సొంతదారు చనిపోతే? ఇందులో కత్తి లేదు, ఏనుగు మీద యుద్ధం లేదు. న్యాయం అన్యాయం మీద పిల్లలకు ఎంత పట్టుదల ఉంటుందో ఇంట్లో ఇద్దరు పిల్లలున్న ఎవరికైనా తెలుసు. లెక్కల టీచర్లు 30వ వంతు మీద లెక్కలు కూడా చేయిస్తున్నారని విని చాలా సంతోషించాను.

అపోహ: పిల్లలకు మన గొప్పలే చెప్పాలి, మనవాళ్ల తప్పులు చెప్పకూడదు.

అమరావతి బౌద్ధ స్తూపం గురించి రాసేటప్పుడు ఈ ఒత్తిడి బాగా వస్తుంది. "తెల్లవాళ్లు ఎత్తుకుపోయారు" అని రాసి ఆపమంటారు. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికి, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్నం కోసం ఆ స్తూపం దిబ్బను తవ్వేస్తున్నారు. చెక్కడాలున్న పలకలు కట్టడాల్లోకి వెళ్లాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. తరవాత 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుంచి చాలావరకు లండన్‌కు చేరాయి.

పిల్లలు తప్పకుండా అడుగుతారు: మనవాళ్లు పగలగొట్టారా, వాళ్లు పట్టుకుపోయారా? రెండూ జరిగాయి, పుస్తకంలో రెండూ ఉండాలి. ఆ పలకలు పోగా మిగిలినవి ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, అమరావతి మ్యూజియంలో ఉన్నాయి. చెన్నై వెళ్లే పని పడితే పిల్లల్ని ఎగ్మోర్‌కు తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఈ కథ మొత్తం, ఏదీ దాచకుండా చెప్పండి.