పొలాల్లో దిగే బెలూన్ పెట్టెలు: వాటి వెనుక ఉన్న గాలి కథ

యాసంగి పనులు సాగే రోజుల్లో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాఠకులకు పత్రికల్లో ఒక ప్రకటన పరిచితమే. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి రాత్రి పూట పెద్ద బెలూన్లను వదులుతారని, వాటికి కట్టిన పరికరాలు రంగు పారాచూట్లతో కిందికి దిగుతాయని, దొరికినవారు వాటిని విప్పకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌కో పోస్టాఫీసుకో తెలియజేయాలని అందులో ఉంటుంది. చెప్పవలసిన జాగ్రత్తలన్నీ చెబుతుంది గానీ, ఆ పెట్టెను అంత ఎత్తుకు ఎందుకు పంపారన్నది వివరించదు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో ఇలాంటి ప్రయోగ పరికరం ఒకటి దిగితే చుట్టుపక్కల ఊళ్ల జనం వింతగా చూడటానికి ఎగబడ్డారంటే ఆశ్చర్యపడవలసింది లేదు.

జవాబు గాలిలో ఉంది. నక్షత్రం తనంతట తాను మినుకుమినుకుమనదు. వేడి గాలి, చల్లని గాలి కలిసే చోట లేచే సుడులు దాని వెలుగును క్షణక్షణం అటూ ఇటూ వంచుతాయి. ఎండాకాలం రామగుండం దారిలో దూరాన వచ్చే లారీ తారురోడ్డు మీద వణుకుతున్నట్టు కనిపించడానికీ కారణం ఇదే. దూరదర్శినిని ఎంత బాగా తయారుచేసినా ఈ వణుకు పోదని, ఎత్తయిన కొండల మీది నిశ్చలమైన గాలే దీనికి మందని న్యూటన్ 18వ శతాబ్ది ఆరంభంలోనే గుర్తించాడు.

గుర్తించడం వేరు, కొలవడం వేరు. 19వ శతాబ్దిలో బెల్జియం శాస్త్రవేత్త షార్ల్ మోంటిన్యీ తయారుచేసిన, నక్షత్రాల మినుకును కొలిచే సింటిలోమీటర్‌లో, దూరదర్శిని నేత్రకటకం దగ్గర కాస్త వాలుగా అమర్చిన గాజు బిళ్ళ గిర్రున తిరుగుతుంటుంది. దాని వల్ల నక్షత్రం చుక్కలా కాకుండా సన్నని వలయంలా కనిపిస్తుంది, ఆ వలయం మీద ఎరుపు, పచ్చ, నీలం తునకలు విడివిడిగా తెలుస్తాయి. తునకలను లెక్కపెట్టి, బిళ్ళ తిరిగే వేగంతో గుణిస్తే నక్షత్రం సెకనుకు ఎన్నిసార్లు రంగు మారిందో తేలుతుంది. కంటికి అందనంత వేగంగా జరిగే మార్పును ఒక వలయం చుట్టూ పరిచి చూపిన ఈ ఉపాయాన్ని మించిన తెలివైన పరికరం ఆ కాలంలో తక్కువే అని నా అభిప్రాయం.

తర్వాతి శతాబ్దిలో రష్యా గణితవేత్త కొల్మొగొరొవ్ 1941లో గాలి సుడులకు గణిత రూపం ఇవ్వగా, అమెరికా శాస్త్రవేత్త ఫ్రైడ్ 1966లో దాన్ని దూరదర్శినుల లెక్కకు తెచ్చాడు. 1990 నాటికి సరజాన్, రోడియే అనే ఖగోళ శాస్త్రవేత్తలు వివరించిన పరికరం ఇప్పుడు ప్రపంచంలో వేధశాలకు చోటు వెతికే ప్రతిచోటా కనిపిస్తుంది. చిన్న దూరదర్శిని మూతికి రెండు రంధ్రాలున్న మూత బిగించి, ఒక రంధ్రానికి పట్టకం లాంటి గాజు అమర్చితే ఒకే నక్షత్రం రెండు చుక్కలుగా పడుతుంది. ఈదురుగాలికి దూరదర్శిని ఊగితే రెండు చుక్కలూ కలిసే ఊగుతాయి. పైనున్న గాలి సుడుల వల్ల మాత్రం వాటి మధ్య దూరం మారుతుంది. ఆ మార్పును కొన్ని మిల్లీసెకన్ల ఫొటోల్లో కొలిచి, ఆ రాత్రి ఆకాశం ఎంత నిలకడగా ఉందో లెక్కగడతారు. అదే సుడులను మరో దారిలో పట్టేది తిరుపతి దగ్గర గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్ రాడార్: సుడుల నుంచి తిరిగి వచ్చే బలహీనమైన రేడియో ప్రతిధ్వనే దానికి ఆధారం.

ఇదంతా గాలి కింద ఉండి గాలిని అర్థం చేసుకునే దారి. తెలంగాణలో ఆ దారి 1901లో మొదలైన నిజామియా వేధశాలతో సాగి, 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్–రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని వరకు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1969లో, గాలిని దాటిపోయే రెండో దారికి హైదరాబాద్‌లో శాశ్వత బెలూన్ కేంద్రం ఏర్పడింది. మన కథ ఈ రెండో దారిదే.

దాని మూలం ఒక చిక్కు ప్రశ్నలో ఉంది. మూసిన పాత్రలో విద్యుదావేశాన్ని పదిలంగా దాచినా, అది మెల్లమెల్లగా కారిపోవడం 1900 ప్రాంతంలో శాస్త్రవేత్తలను వేధించింది. భూమిలోని రేడియోధార్మిక పదార్థాలే కారణమైతే పైకి పోయినకొద్దీ ఆ కారడం తగ్గాలి. థియోడర్ వుల్ఫ్ ఆ కారడాన్ని కొలిచే తన ఎలక్ట్రోమీటర్‌ను 1910లో ఈఫిల్ గోపురం మీదికి మోసుకుపోయి చూస్తే, తగ్గవలసినంత తగ్గలేదు. విక్టర్ హెస్ 1912 ఆగస్టు 7న బెలూన్‌లో 5,350 మీటర్ల ఎత్తుకు వెళ్తే, తగ్గకపోగా బాగా పెరిగింది. అంతకు ముందు ఏప్రిల్‌లో సూర్యగ్రహణం నాడు ఎగిరినప్పుడు అది తగ్గకపోవడంతో సూర్యుడు మూలం కాదని కూడా తేల్చుకున్నాడు. పైనుంచి వచ్చే ఆ విశ్వకిరణాలను కనుగొన్నందుకు 1936లో అతనికి నోబెల్ బహుమతి దక్కింది.

విశ్వకిరణాల్లోని విద్యుదావేశం ఉన్న కణాలను భూమి అయస్కాంత క్షేత్రం వంచుతుంది కాబట్టి, అయస్కాంత మధ్యరేఖకు దగ్గరయినకొద్దీ తక్కువ శక్తి గల కణాలు లోపలికి చొరలేవు. ఈ తేడాను కొలవడానికే అమెరికా భౌతిక శాస్త్రవేత్త మిల్లికన్ బృందం 1939–40 శీతాకాలంలో బెంగళూరు, ఆగ్రా, పెషావర్‌ల నుంచి బెలూన్లు ఎగరేసింది. హోమీ భాభా ప్రోత్సాహంతో టాటా సంస్థ ఈ పనిని అందిపుచ్చుకున్నాక, హైదరాబాద్ ఉన్న అక్షాంశమే దానికి పెట్టుబడి అయింది: చొరబడే కణాల రొద తక్కువ కావడంతో దూరపు నక్షత్రాల ఎక్స్‌కిరణాలను స్పష్టంగా పట్టవచ్చు. ఇప్పటి బెలూన్లు 50 నుంచి 85 మీటర్ల వ్యాసంతో, పలుచని పాలిథీన్ పొరతో తయారై, హైడ్రోజన్‌తో 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరతాయి. అక్కడికి చేరేసరికి దాదాపు 99 శాతం గాలి కిందే ఉండిపోతుంది.

మన చేలలో దిగడానికి కారణమూ గాలే. చలికాలంలో సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున బలంగా వీచే పడమటి గాలి బెలూన్‌ను తూర్పుకు తోస్తుంది. ఆ పైన దిశ రుతువును బట్టి మారుతుంది. వరంగల్ మీద నక్షత్రాలు మినుకుమనడంలోనూ ఆ ఎత్తున లేచే సుడులకు పెద్ద పాత్రే ఉంది.

పెట్టె తిరిగి రావాలన్న పట్టుదల 1950ల నాటిది. బెర్నార్డ్ పీటర్స్ టాటా సంస్థలో పనిచేసిన ఆ రోజుల్లో పైకి పంపినవి మందమైన ఫొటో ఎమల్షన్ పలకలు. కణం దూసుకుపోయిన జాడ వాటిలోనే ఉండేది, దించి, కడిగి, సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప బయటపడేది కాదు. పెట్టె పోయిందంటే ఆ ప్రయోగమే పోయినట్టు. ఇప్పుడు కొలతలు రేడియో ద్వారా ఎప్పటికప్పుడు కిందికి అందుతున్నా, పరికరాన్ని బాగుచేసి మళ్లీ ఎగరేస్తారు. అందుకే, చిరిగిన బెలూన్ పొరను ఎవరైనా కల్లంలో వడ్ల మీద కప్పుకుంటే పరిశోధనకు పెద్దగా నష్టం లేదు గానీ, పెట్టె మూత తెరిస్తే నష్టం రెండు వైపులా ఉంటుంది: అమరిక చెదిరిపోవడం ఒకటి, కొన్ని పెట్టెల్లో ఉండే హై వోల్టేజీ రెండోది.