భారమంతా పట్టుకున్న చేతి మీదే

అమ్మకు అరవై దాటాక బొటనవేలి మొదట్లో కీలు అరిగింది. మా ఇంట్లో జంతికల గొట్టం అమ్మమ్మ నాటి ఇత్తడిది. పై పిడుల మీద అరచేతులు ఆనించి, కింది పిడులను వేళ్ళతో పట్టి, రెండింటినీ దగ్గరికి నొక్కాలి. ఇక అది లాభం లేదని అటకెక్కించి మర గొట్టం కొన్నాం. పైనున్న పిడి తిప్పుతూ పోతే చాలు, లోపలి బిళ్ళ దానంతటదే కిందికి దిగుతుంది. తీరా చూస్తే అమ్మ మొదటి వాయికే ఆపేసింది. "దీనికంటే అదే నయం" అంది.

లెక్క ప్రకారం అలా అనకూడదు. పిడి ఒక చుట్టు తిరిగితే బిళ్ళ 4 మిల్లీమీటర్లు దిగుతుందనుకుందాం. ఇరుసు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో పిడిని పట్టుకుంటే, ఆ ఒక్క చుట్టులో చెయ్యి 31 సెంటీమీటర్లు తిరుగుతుంది. ప్రయాణం దాదాపు 78 రెట్లు ఎక్కువ కాబట్టి, రాపిడి లేకపోతే బలం కూడా 78 రెట్లవుతుంది. మరల్లో రాపిడి ఎక్కువ, అందులో చాలా భాగం పోతుంది. పోయినా పది రెట్లకు పైనే మిగలాలి. మరి ఎక్కడ తేడా కొట్టింది?

ఏ చెయ్యి నొప్పి పుడుతోందని అడిగితే అసలు విషయం బయటపడింది. తిప్పే కుడి చెయ్యి కాదు, గొట్టాన్ని పట్టుకున్న ఎడమ చెయ్యి! పిడిని ఎంత బలంగా ఒకవైపు తిప్పితే, గొట్టం కూడా అంత బలంగా దాంతోపాటు తిరగాలని చూస్తుంది. తిరక్కుండా ఆపే పని ఎడమ చేతిది. పిడి దగ్గర 5 సెంటీమీటర్ల దూరం కలిసొస్తుంది కానీ, గొట్టం వ్యాసార్థం రెండున్నరే. అంటే ఎడమ చెయ్యి రెట్టింపు బలం పెట్టాలి. పైగా నునుపైన స్టీలు, దాని మీద నూనె జిడ్డు. జారకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా బిగించి పట్టాలి.

బిగించి పట్టడం ఎందుకంత కష్టమో చేతి నిర్మాణం చూస్తే తెలుస్తుంది. గట్టిగా పట్టే బలం వేళ్ళలో లేదు. ఆ కండరాలు ముఖ్యంగా మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉంటాయి. అక్కణ్ణుంచి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళు, తోలుబొమ్మ దారాల్లా వేళ్ళను లాగుతాయి. నమ్మకం కుదరకపోతే మణికట్టును పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించి చూడండి. పట్టు సడలిపోతుంది. ఇక బొటనవేలి సంగతి మరీ అన్యాయం. వేలి కొసతో ఒక కిలో బలంతో గిల్లి పట్టుకుంటే, దాని మొదట్లో ఉన్న కీలు మీద పన్నెండు కిలోల దాకా పడుతుందని బయోమెకానిక్స్ లెక్క. ఆ కీలే అరిగితే సన్నటి నాబ్ తిప్పడం కూడా నరకమే.

వంటింటి వస్తువు ఎంత బలం అడుగుతోందన్నదే కాదు, ఏ భాగాన్ని అడుగుతోందన్నదీ చూడాలి. భుజాల్లో, ఒంటి బరువులో ఉన్న బలాన్ని వదిలేసి వేలి కొసల్ని అడిగితే ఎలా? బయటి మూత కుక్కర్‌నే తీసుకోండి. చివర్లో రెండు పిడుల్నీ కలిపి ఒకే పిడికిట్లో బిగిస్తే భారం వేళ్ళది. అదే నమస్కారం పెట్టినట్టు రెండు అరచేతులతో రెండు పిడుల్నీ దగ్గరికి నెడితే పని ఛాతీ, భుజాల కండరాలది. వస్తువు అదే, మూత అదే. కత్తిపీట కూడా అంతే. కాలితో తొక్కిపెడతాం కాబట్టి కత్తిని బిగించి పట్టే పని చేతులకు లేదు, కూరగాయను నెడితే చాలు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అది పనికిరాదనుకోండి, అది వేరే గొడవ.

పిడి గురించి మాట్లాడితే అమెరికాలో వంటింటి సామాన్లు చేసే ఆక్సో కంపెనీ పీలర్ కథ చెప్పకుండా ఉండలేం. భార్య బెట్సీకి కీళ్ళవాతం, తొక్క తీయడానికి ఆవిడ పడే బాధ చూసి భర్త శామ్ ఫార్బర్ లావుపాటి మెత్తటి పిడితో పీలర్ తయారుచేయించాడని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు. న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ సంస్థ రూపకల్పన చేసింది, 1990లో మార్కెట్లోకి వచ్చింది. లావు పిడైతే వేళ్ళు పూర్తిగా ముడవక్కర్లేదు, ఒత్తిడి అరచెయ్యంతా పరుచుకుంటుంది. రబ్బరు లాంటి పదార్థం కాబట్టి తడి చేతిలోనూ జారదు. అయితే బెట్సీ ఆర్కిటెక్చర్ చదువుకున్న మనిషి. ఆలోచన తనదే అయినా, చరిత్రలో తను కీళ్ళవాతం మనిషిగానే మిగిలిపోతానేమోనని ఆవిడ తర్వాత వాపోయింది. నాకు ఆ మాటే ఎక్కువ గుర్తుండిపోయింది. నొప్పి ఉన్న మనిషికే ఆ వస్తువు లోపం అందరికంటే బాగా తెలుస్తుంది కదా!

అమెరికా వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాల్లో ఒక అంకె ఉంది. ఆ ప్రమాణాలు వర్తించే చోట మీటలు, పిడుల వంటివి ఒక్క చేత్తో పనిచెయ్యాలి. గట్టిగా పట్టడం, గిల్లి పట్టడం, మణికట్టు మెలితిప్పడం అక్కర్లేకుండా ఉండాలి. 5 పౌండ్లకు, అంటే సుమారు రెండుంపావు కిలోలకు మించి బలం అడగకూడదు. మన దగ్గర 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అందరూ వాడగలిగే డిజైన్‌ను నిర్వచిస్తూ వస్తువులనూ అందులో చేర్చింది. నా మటుకు నేను కుక్కర్ల అట్టపెట్టెల మీద లీటర్లు, గ్యారంటీ చూశాను గానీ, మూత తీయడానికి ఎన్ని కిలోల బలం కావాలో రాసింది చూడలేదు. మరోవైపు, బలమే అక్కర్లేదంటూ కొన్ని వస్తువులకు టచ్ బటన్లు పెడుతున్నారు. చూపు లేనివాళ్ళకు తడిమి తెలుసుకోడానికి వాటి మీద ఏముంది?

జంతికల గొట్టం చిక్కుకు జవాబు తమిళుల ఇళ్ళలో ఎప్పుడో ఉంది. సేవై, అంటే బియ్యప్పిండి సేమ్యాలు, వత్తే ముక్కాలి యంత్రం. అందులోనూ మరే, కానీ పైన అటూ ఇటూ పొడవాటి చేతులుంటాయి, రెండు చేతులతో గుండ్రంగా నెట్టొచ్చు. ఎదురు బలాన్ని నేల మీద ఆనిన మూడు కాళ్ళు మోస్తాయి. ఎడమ చేతికి విముక్తి.

మాకు అలాంటిది ఇంకా దొరకలేదు. మొన్న సంక్రాంతికి ముక్కాలి పని నాన్న చేశారు. అమ్మ తీరిగ్గా పిడి తిప్పుతుంటే, ఆయన తువ్వాలు చుట్టిన గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూకుడులో నూనె చిటపటలకు మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డారు.